టమాటా ఎందుకు మెలి తిరిగింది? మిద్దె మీద ప్రాజెక్టు డైరీ

జూన్ 22, ఆదివారం

రాప్తాడు దాటాక మా నాయన అర ఎకరాలో టమాటా పెట్టాడు. బోరు కింద, డ్రిప్పు మీద. పది రోజుల కింద నేను చూసినప్పుడు తోట నవనవలాడుతోంది. ఈ రోజు పోతే ప్రతి మొక్కనూ ఎవరో పట్టి పిండినట్టుంది. కాడలు మెలి తిరిగాయి. ఆకుల తొడిమలు కిందికి వంగి విల్లులా అయ్యాయి. కొత్త చిగుళ్లయితే టమాటా ఆకుల్లానే లేవు. సన్నగా, పొడుగ్గా, ఈనెలు పక్కపక్కన గీతలు గీసినట్టు ఉన్నాయి.

నాయన "ముడత తెగులు రా" అన్నాడు. మందుల అంగడాయన ఫోన్లో "ఎండకు వాడింటాయి, తగ్గుతుంది" అన్నాడు. నాకు మాత్రం ఇంకో అనుమానం. ఎనిమిది రోజుల కింద ఆ తోటకు "గ్రోత్ టానిక్" కొట్టించింది నేను. కొనిచ్చింది నేను. నాయనకు అసలు ఇష్టం లేదు.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర నాకు జిరాక్స్ షాపుంది. ఇంటర్లో బైపీసీ చదివి అక్కడితో ఆపేశాను. సీసా మీద హార్మోన్ అని ఉంది. అది మొక్కలో ఏం చేస్తుందో తెలియకుండానే కొట్టించాను. అద్దె ఇంటి మిద్దె ఖాళీగానే ఉంది కాబట్టి ఒక్కొక్కటీ చేసి చూస్తాను. ఎనిమిదో తరగతి చదివే మా పాప కొలతలు రాస్తానంది. స్కేలు, నోటుబుక్కు ఆమెవి. టెన్షన్ నాది.

జూన్ 29

ముందు లెక్క. సీసా మీద జిబ్బరెల్లిక్ ఆసిడ్ (జిబ్బరెల్లిన్ జాతి హార్మోన్) 0.001 శాతం అని ఉంది. అంటే లీటరు మందులో అసలు సరుకు 10 మిల్లీగ్రాములు. లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్ల చొప్పున 16 లీటర్ల ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు పోశాం. ఒక ట్యాంకు మొత్తంలో హార్మోన్ 0.32 మిల్లీగ్రాములు. ఉప్పు రవ్వలు నాలుగైదు కూడా అంతకన్నా బరువుంటాయేమో. ఇంత పిసరు మందు అర ఎకరాను మెలిపెడుతుందా అని నవ్వొచ్చింది.

తర్వాత కూర్చుని చదివితే నవ్వు తగ్గింది. జిబ్బరెల్లిన్ కథ జపాన్ వాళ్ల వరి చేలల్లో మొదలైంది. కొన్ని మొలకలు పక్కవాటికంటే పిచ్చిగా పొడుగు పెరిగి, పాలిపోయి, గింజ పట్టకుండా పడిపోయేవి. వాళ్లు దాన్ని "తిక్క మొలక" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్లు. 1926లో కురొసావా అనే ఆయన, ఆ మొలకల్లో ఉండే బూజును పెంచిన ద్రవం ఒక్కటే పోసినా వరి అట్లాగే సాగుతుందని చూపించాడు. 1935లో యబుతా ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత తేలిందేమంటే, ఆరోగ్యంగా ఉన్న మొక్కలు కూడా దాన్ని తమంతట తాము తయారుచేసుకుంటాయి. హరిత విప్లవం నాటి పొట్టి గోధుమల గుట్టు కూడా ఇదే. వాటిలో జిబ్బరెల్లిన్ ఉంటుంది, కానీ ఆ మాట మొక్క చెవికి సరిగ్గా ఎక్కదు. అందుకే కాడ పొడుగు సాగదు, కంకి బరువుకు పడిపోదు.

అంటే ఇది ఎరువులాంటి తిండి కాదు. కబురు లాంటిది. కబురుకు కిలోలు అక్కర్లేదు. అలాగని టానిక్ దోషి అని కూడా తేలలేదు. జిబ్బరెల్లిన్ ఎక్కువైతే మొక్క సాగాలి. మా టమాటా సాగలేదు, మెలి తిరిగింది.

ఈ రోజే పాత పెయింటు డబ్బాలో నాలుగు కదిరి-6 రకం బుడ్డలు (శెనక్కాయ విత్తనాలు) కూడా విత్తాను. టమాటాకు దీనికీ సంబంధం లేదు. శెనక్కాయ లేకుండా అనంతపురంలో మొక్కల ప్రాజెక్టు ఏమిటని అంతే.

జూలై 3

జొన్న మొలకలతో మొదటి ప్రయత్నం పాడైంది. చెప్పుల పెట్టెకు ఒక పక్క బెజ్జం పెట్టి, లోపల జొన్న మొలకలు పెట్టి, కొన్నింటి కొసలకు టిఫిన్ సెంటర్ పార్సిల్ ఫాయిల్‌తో టోపీలు చేశాను. టోపీలు బరువై మొలకలే పడిపోయాయి. అదీగాక పెట్టెను మిద్దె మీద ఎండలో వదిలాను. సాయంత్రానికి లోపల కొలిమే.

1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ ఇదే పని ఒక రకం గడ్డి మొలకలతో చేశారు. కొసకు టోపీ పెడితే మొలక వెలుగు వైపు వంగలేదు. కొస వదిలేసి కింది భాగం కప్పితే వంగింది. వంగే చోటు ఒకటి, వెలుగును చూసే చోటు ఇంకొకటి. అంటే కొస నుంచి కిందికి ఏదో కబురు పోతోంది. వాళ్లకు తెలిసింది అంతవరకే.

జూలై 6

పెట్టెను ఇంట్లోకి, ఫ్రిజ్ పక్కకు మార్చాను. ఈసారి టోపీలు జిరాక్స్ షాపులో వచ్చే నల్ల కార్బన్ కాగితంతో చుట్టాం. పాప వేళ్లు సన్నవి, ఆమే చుట్టింది. తొమ్మిది మొలకలకు టోపీ, తొమ్మిదింటికి లేదు. రాత్రి తొమ్మిదికి బెజ్జం దగ్గర బల్బు వేశాం. పొద్దున్నే లేచి చూస్తే టోపీ లేనివి తొమ్మిదీ బెజ్జం వైపు తల వంచాయి. టోపీ ఉన్నవాటిలో ఏడు నిటారుగా ఉన్నాయి. రెండు వంగాయి, వాటి టోపీలు జారిపోయి ఉన్నాయి. పాప ఆ రెండింటినీ కొట్టేసి ఏడుకు ఏడు అని రాయాలంది. నేను ఒప్పుకోలేదు, కాసేపు గొడవ.

ఆ కబురును పట్టుకున్నవాడు డచ్ కుర్రాడు ఫ్రిట్స్ వెంట్. 1920ల చివర్లో ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ (జెల్లీ లాంటి పదార్థం) ముక్కల మీద పెట్టాడు. కాసేపయ్యాక ఆ ముక్కను, కొస లేని మొలక మీద ఒక పక్కకు జరిపి పెట్టాడు. చీకట్లోనే మొలక రెండో పక్కకు వంగింది. కొసలోని సరుకు అగర్‌లోకి దిగిందన్నమాట. దానికి ఆక్సిన్ అని పేరు. వెలుగు పక్క నుంచి పడితే ఆక్సిన్ నీడ వైపుకు జరుగుతుంది, నీడ వైపు కణాలు ఎక్కువ సాగుతాయి, మొలక వెలుగు వైపుకు వాలుతుంది. వెలుగు మొలకను లాగుతుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి వెనక నుంచి తోస్తున్నారు.

ఇంకో ముచ్చట. మొక్కలన్నింటిలో ఉండే ఈ ఆక్సిన్‌ను 1934లో శాస్త్రవేత్తలు వేరుచేసింది మనిషి మూత్రం నుంచి. ఇది చెప్పాక పాప ఆ పూట నాతో కలిసి అన్నం తినలేదు.

జూలై 8

దానిమ్మ పుల్లలు. ఊళ్లో భగువా రకం దానిమ్మ తోట ఉన్నాయన కత్తిరింపులు పారేస్తుంటే మోపు తెచ్చుకున్నాను. అంటుమొక్కలు కొనే బదులు మనమే వేళ్లు పుట్టిద్దామని. వేర్లు రావడానికి వాడే పొడి ఐబీఏ. ఇది కూడా ఆక్సిన్ జాతిదే. నర్సరీ అతను అర గ్రాము పొట్లం కట్టిచ్చాడు.

నీళ్లలో వేస్తే కరగలేదు, పైన తేలింది. గంట కలిపాను. తర్వాత తెలిసింది, ముందు స్పిరిట్‌లో కరిగించి ఆ మీద నీళ్లు పోయాలని. 250 మిల్లీలీటర్లకు అర గ్రాము అంటే 2000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 2000 పాళ్లు). పుల్ల మొదలు అయిదు సెకన్లు ముంచి తీసి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన కవర్లలో పెట్టాలి.

12 పుల్లలు ఉత్తవి. 12 ముంచినవి. ఇంకో 12 ముంచుదామని గ్లాసులో పెట్టాను, అప్పుడే షాపు నుంచి ఫోన్, ప్రింటర్ జామ్ అయిందని.

జూలై 9

ఆ 12 పుల్లలు రాత్రంతా గ్లాసులోనే ఉన్నాయి. మొదళ్లు నల్లబడ్డాయి. పారేయబోయి ఆగాను. ఇవి కూడా కవర్లలో పెట్టి "మర్చిపోయినవి" అని రాశాను.

ఇంటి ఓనరమ్మ పైకొచ్చి చూసి, "ఏమప్పా, పుల్లలకు కూడా తలంటు పోస్తాండావే" అని పోయింది.

జూలై 13

టానిక్ పరీక్ష ముగిసింది. నర్సరీలో టమాటా నారు తెచ్చి పెరుగు డబ్బాల్లో పెట్టి, వారం కింద కొట్టాం. అయిదింటికి ఉత్త నీళ్లు, అయిదింటికి చెప్పిన మోతాదు టానిక్, అయిదింటికి దానికి పది రెట్లు. కొత్త స్ప్రే సీసాతోనే. పది రెట్లవి కాస్త పొడుగ్గా, పాలిపోయినట్టున్నాయి. మెలి ఒక్క దానిలోనూ లేదు.

నాకు ఊపిరి వచ్చింది. నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే ముడతే" అన్నాడు. కానీ ముడత తెల్లదోమతో వచ్చే వైరస్. ఒక మూల అంటుకుని పాకుతుంది, ఆకులు చిన్నవై, పసుపెక్కి, అంచులు పైకి ముడుచుకుంటాయి. మా తోటలో చివరి మొక్క నుంచి మొదటి మొక్క దాకా ఒకే వారంలో, ఒకే రకంగా పోయాయి. దోమ అంత క్రమశిక్షణగా పని చెయ్యదు.

జూలై 17

"మర్చిపోయినవి" చచ్చాయి. ఆక్సిన్ చంపిందో స్పిరిట్ చంపిందో చెప్పలేను, ఉత్త స్పిరిట్‌లో నానబెట్టిన పుల్లలు పక్కన పెట్టి ఉండాల్సింది. కానీ దీన్ని గురించి వెతుకుతుంటే అసలు సంగతి దొరికింది. వేళ్లు పుట్టించే ఆక్సిన్ ఎక్కువైతే మొక్కను చంపుతుంది, ఆ సూత్రం మీదే ఒక కలుపు మందు తయారైంది. 1940లలో వచ్చిన 2,4-డి. మనవాళ్లు జొన్నలో, మొక్కజొన్నలో, చెరుకులో వెడల్పాకు కలుపుకు కొడతారు.

మొక్క తన సొంత ఆక్సిన్‌ను అవసరం తీరాక విరిచేసుకుంటుంది. 2,4-డిని అంత తొందరగా విరవలేదు. దాంతో "పెరుగు, పెరుగు" అని ఆగకుండా కబురు పోతూనే ఉంటుంది. కాడ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ సాగి మెలిపడుతుంది. దానికి తోడు ఇథిలీన్ గ్యాసు విపరీతంగా పుడుతుంది, తొడిమలు కిందికి వంగుతాయి. గడ్డి జాతి మొక్కలు తట్టుకుంటాయి. వెడల్పాకులవి తట్టుకోలేవు. వాటిలోనూ పత్తి, టమాటా, ద్రాక్ష మరీ సున్నితం.

మెలిపడిన కాడ, వంగిన తొడిమ, గీతల్లాంటి చిగురాకు. జూన్ 22న నేను రాసుకున్నవే.

మేము టమాటాకు గడ్డి మందు కొట్టలేదు. కానీ టానిక్ కొట్టిన బ్యాటరీ పంపు మాది కాదు. పక్క చేని చిన్నాయనది. ఆయన వేసింది మొక్కజొన్న.

జూలై 20

చిన్నాయనను అడగడానికి మొహమాటం. మాటల్లో పెట్టి అడిగాను. "గడ్డి మందు ఆ పంపుతోనే కొడతా. మొన్న గూడా కొట్టితి. మూడు తూర్లు కడిగితి గదప్పా" అన్నాడు. పంపు రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. లీటరు నీళ్లు పోసి, ఊపి, పైపు గుండా బయటికి కొట్టి ఆ నీళ్లు సీసాలో పట్టాను. చూస్తే తాగే నీళ్లలా తేటగా ఉన్నాయి. వాసన లేదు.

మిద్దె మీద అయిదు డబ్బాలకు ఆ నీళ్లు, అయిదింటికి కొళాయి నీళ్లు కొట్టాను.

జూలై 23

పది డబ్బాలూ మెలి తిరిగాయి.

కొళాయి నీళ్లవి కూడా. అరగంట బుర్ర పనిచేయలేదు. తర్వాత తలుపు దడాలున కొట్టుకుంది, అప్పుడు వెలిగింది. అనంతపురంలో ఈ నెలల్లో పడమటి గాలి ఎట్లుంటుందో ఈ ఊళ్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? అడుగు దూరంలో పెట్టి స్ప్రే కొట్టాను. తుంపర అంతా అటు పోయింది. పత్తి చేలకు పక్క పొలం గడ్డి మందు గాలికి తగిలి పాడవుతుందని చదివి తలూపిన మూడో రోజే మిద్దె మీద నేను అదే చేశాను.

జూలై 27

మళ్లీ మొదటి నుంచి. నారు కొత్తది. పంపు నీళ్లు కొట్టాల్సినవి ఇంటి వెనక ఖాళీ స్థలంలో కొట్టి, ఆరాక అక్కడే ఉంచాను. మిగతావి మిద్దె మీద. ఈసారి మూడు గుంపులు: కొళాయి నీళ్లు, పంపు నీళ్లు, పంపును సర్ఫ్ నీళ్లతో రాత్రంతా నానబెట్టి మూడుసార్లు కడిగాక పట్టిన నీళ్లు.

బుడ్డల మొక్కలకు ఈ రోజు తొలి పూలు. తెల్లారేసరికి విచ్చుకుని, మధ్యాహ్నానికి వాడాయి.

ఆగస్టు 3

కొళాయి నీళ్లవి అయిదూ నిక్షేపం. పంపు నీళ్లవి అయిదూ మర్నాటికే తొడిమలు దించాయి, ఇప్పుడు చిగుళ్లు సన్నబడుతున్నాయి. సర్ఫ్‌తో కడిగినవి? అయిదింటిలో రెండు కొద్దిగా వంగాయి. రబ్బరు వాషర్లలో, పైపులో మందు ఎంత మొండిగా ఇమిడి ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తోంది. చిన్నాయన అబద్ధం చెప్పలేదు. మూడు తూర్లు కడిగే ఉంటాడు.

నా దగ్గర ల్యాబు లేదు. టమాటా నారే ల్యాబు. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ అనే విద్యార్థి ల్యాబులో పెంచిన బఠానీ మొలకలు పొట్టిగా, లావుగా, అడ్డంగా పెరుగుతున్నాయేమిటని వెతికితే, దీపాల గ్యాసులో ఉన్న ఇథిలీన్ దొరికింది. మొక్క తనే ఇథిలీన్‌ను తయారుచేసుకుంటుందని తేలింది 1934లో. ఇప్పుడు అరటిపండ్లు మాగబెట్టే గదుల్లో వాడేది ఆ గ్యాసే, 100 పీపీఎం దాటకుండా వాడొచ్చని మన దేశంలో అనుమతి ఉంది. కార్బైడ్‌కు అనుమతి లేదు.

ఆగస్టు 10

దానిమ్మ కవర్లు విప్పాం. ఉత్త పుల్లలు 12లో వేళ్లు వచ్చింది మూడింటికి. ముంచిన 12లో ఎనిమిదింటికి. పాప ఒకదాన్ని తీసి నవ్వింది. అది తలకిందులుగా నాటిన పుల్ల. కణుపు మీది మొగ్గలు కిందికి చూస్తున్నాయి. తప్పు నాదే. అయితే మట్టిలో ఉన్న కొసకు వేళ్లు లేవు. గాలిలో, కవర్ చెమ్మలో ఉన్న కొస దగ్గర తెల్లటి బుడిపెలు తేలాయి. అసలు చెట్టు మీద ఉన్నప్పుడు అదే మొదలు వైపు. ఆక్సిన్ చిగురు వైపు నుంచి మొదలు వైపుకే నడుస్తుంది, పుల్లను తిప్పి పెట్టినా దారి మారదు. ఏ వైపు తన మొదలో పుల్లకు గుర్తుంది. నేను మర్చిపోయాను.

ఆగస్టు 17

ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది శెనక్కాయ. టమాటా గొడవ లేకపోతే నేను దీని మీదే రాసేవాణ్ని.

పూలు వాడిన చోట ఊడలు దిగుతున్నాయి. మర్రికీ శెనక్కాయకూ మనం ఊడ అనే ఒకే మాట వాడతాం. చిన్నప్పుడు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి పోయాం. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కిన చెట్టు. ఆ ఊడలు వేర్లు, కొమ్మల నుంచి దిగి మట్టి తాకి కాండాలవుతాయి. శెనక్కాయ ఊడ వేరు కాదు. పూవులోని అండాశయం కిందున్న భాగం సాగి కాడగా మారింది. కొసన కూర్చున్నది కాబోయే గింజ. తల్లి మొక్క తన బిడ్డను కాడ చివర పెట్టి మట్టిలోకి దించుతోంది. మన పెద్దవాళ్లు చూసి పెట్టిన పేరు సరిగ్గానే ఉంది, ఆకారానికి. పనికి కాదు.

పోయిన ఆదివారం డబ్బా మట్టి జారకుండా గుడ్డ కట్టి పక్కకు పడుకోబెట్టాను. ఊడలు అప్పుడు అడ్డంగా గాలిలో ఉన్నాయి. మర్నాడు పొద్దునకు కొసలు మళ్లీ కిందికి, భూమి వైపుకు తిరిగాయి. పాప నాలుగు ఊడల కొసలు గోటితో గిల్లింది. అవి తిరగలేదు, సాగలేదు కూడా. జొన్న మొలక కొసలో ఉన్నట్టే ఇక్కడా కొసలోనే ఉంది కబురంతా. కింద ఎటుందో ఊడకు తెలియడంలో ఆక్సిన్ ఎటు జరిగిందన్నదే ముఖ్యం.

ఒక ఊడ డబ్బా అంచు మీదుగా బయటికి దిగి, మట్టి దొరక్క వేలాడుతోంది. కొస ఎండుతోంది. చీకటి, మట్టి తగిలితే తప్ప కాయ ఊరదు. పూత దశలో చేనుకు జిప్సం వేసి మట్టి గుల్ల చేయమనేది ఇందుకే. ఊడ దిగేందుకు దారి, కాయకు కాల్షియం. కాల్షియం వేర్ల నుంచి కాయకు సరిగ్గా రాదు, కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి తాగాలి.

ఆగస్టు 24

నాయనకు చీనీ (బత్తాయి) చెట్లు కూడా పదో పన్నెండో ఉన్నాయి. పూత కోసం ఆయన నీళ్లు ఆపి బెట్టకు వదులుతాడు, ఆకులు వాలాక మళ్లీ పారిస్తాడు. నేను నోటుబుక్కు తెరిచి, మట్టి ఎండితే మొక్కలో అబ్సిసిక్ ఆసిడ్ అనే హార్మోన్ పెరిగి ఆకుల రంధ్రాలను మూసేయమంటుందని, దాన్ని 1960లలో కనిపెట్టారని చెప్పబోయాను. నాయన మధ్యలో ఆపి, "ఎన్ని దినాలు ఆపల్ల, ఆ ఆసిడ్ చెప్తుందా?" అన్నాడు. చెప్పదు. చెట్టును చూసి ఆయనే చెప్పాలి.

ఆగస్టు 31

తోటలో మెలిపడిన మొక్కల్లో సగం తేరుకున్నాయి. కొత్త చిగుళ్లు మామూలు ఆకులే. కాయ తక్కువ, ఆకారం కోలగా. నాలుగు బుట్టలు కక్కలపల్లి మార్కెట్‌కు పోయాయి, ధర గురించి రాయను. మిగతా సగాన్ని నాయన పీకేసి అలసంద విత్తాడు.

సెప్టెంబర్ 7

చిన్నాయనకు పరీక్ష డబ్బాలే తీసుకుపోయి చూపించాను. పదాల కంటే అవే మేలనిపించింది. మూడు డబ్బాలు వరసగా గట్టు మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. పంపు నీళ్లు తగిలిన మొక్క చిగురును వేళ్లతో విప్పి చూశాడు. "మా వంకాయలు గూడా పోయిన తూరి ఇట్లే అయినాయి. నేను ముడత అనుకుంటి" అన్నాడు.

నాయన ఏమీ అనలేదు. ఇంట్లోకి పోయి గేటుకు వేసిన ఎర్ర పెయింటు మిగులు తెచ్చి, చిన్నాయన పంపు ట్యాంకు మీద అడ్డంగా పెద్ద గీత గీశాడు. అది ఇక గడ్డి మందుకే. టమాటాకు చేతి పంపు పాతది ఒకటి ఉంది, దాని వాషర్ నేను మార్చాలి.

సాయంత్రం వచ్చి డబ్బా తవ్వాం. నాలుగు బుడ్డల మొక్కలకు 23 కాయలు, ఇంకా పాలమీద ఉన్నాయి. పాప ఒకటి కొరికి ఉమ్మేసి, మిగతావాటి మీద మట్టి కప్పేసింది.